పొద్దు పొడిచే తీరమా, పొద్దు గూకే తీరమా?

హైదరాబాదులో ఉండేవాళ్లకు సముద్రం ఎటు వెళ్లినా దూరమే. విశాఖ 600 కిలోమీటర్ల పైమాట, గోవా కూడా ఇంచుమించు అంతే. అందుకే సెలవులు దగ్గరపడగానే మా ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. పిల్లలది పడమటి పక్షం, గోవా లేదా కర్ణాటకలోని గోకర్ణ. మా అత్తయ్యది తూర్పు పక్షం. సింహాచలం అప్పన్న దర్శనం, తెల్లవారుతూనే సముద్రం, నోరు తెరిస్తే తెలుగు వినిపించే ఊరు, ఇవి ఆవిడ వాదనలు. రెండు వైపులా తిరిగాక నాకు అనిపించింది ఏమిటంటే, ఏ తీరం అందమైనదన్న చర్చ దండగ. వెళ్లే నెల ఏది, నీళ్లలో దిగేది ఎవరు అన్నది ముందు తేల్చుకుంటే ఊరి పేరు దానంతట అదే తేలుతుంది.

మన తీరంలో మధ్యభాగమంతా కృష్ణ, గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. బాపట్ల, మచిలీపట్నం వైపు నేల చదును, ఒడ్డు తిన్నగా కనుచూపు మేర సాగిపోతుంది, నీళ్లలో ఎప్పుడూ కాస్త మట్టి రంగు. విశాఖ దగ్గర మాత్రం తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చేస్తాయి. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, ఋషికొండ అన్నీ ఆ కొండల కొసలే. పడమట ఇదే ఏర్పాటు ఇంకా దగ్గర దగ్గరగా ఉంటుంది. ఎర్రరాతి గుట్టలు సముద్రంలోకి పొడుచుకొచ్చి, రెండు గుట్టల నడుమ చిన్న ఇసుక ఒంపు ఏర్పడుతుంది. గోకర్ణలో కుడ్లె, ఓం బీచ్, దక్షిణ గోవాలో పాలోలెం అలాంటివి. వానాకాలం పోయాక ఆ ఒంపుల్లో అలల జోరు బాగా తగ్గుతుంది. మా పిల్లల వాదనలో నిజమైన బలం ఇదొక్కటే, మిగతాదంతా ఫోటోల మోజు.

విశాఖకు వెళ్తే నేను గోదావరి ఎక్స్‌ప్రెస్‌కే ఓటు వేస్తాను. సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి ఊళ్లో దింపుతుంది, సరిగ్గా తూర్పు తీరాన్ని చూడవలసిన సమయానికి. వేసవిలో అయిదున్నరకే సూర్యుడు నీళ్లలోంచి పైకి వచ్చేస్తాడు. ఆ వేళ బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేసి నడిచేవాళ్లకు వదిలేస్తారు. ముసలివాళ్లు, స్కేటింగ్ పిల్లలు, వల లాగే జాలరులు, వాళ్ల చుట్టూ మూగే కాకులు, ఇదంతా ఉచితం. ఎనిమిది దాటితే ఆ అందం సగం పోతుంది. పదింటికి ఇసుక కాలుతుంది, చెట్టు నీడ దొరకదు. అప్పుడు కురుసుర జలాంతర్గామిలోకి దూరడమే మంచిది. నౌకాదళం నుంచి 2001లో విశ్రాంతి తీసుకుని, మరుసటి ఏడాది మ్యూజియంగా మారిన ఆ జలాంతర్గామిలో నావికుల పడకల ఇరుకు చూస్తే హోటల్ గది చిన్నదని ఫిర్యాదు చేసే నోరు మూతపడుతుంది. సాయంత్రం మళ్లీ బీచ్ రోడ్డు, మురీ మిక్చర్, కాల్చిన మొక్కజొన్న పొత్తులు. సూర్యుడు మాత్రం వెనక కొండల్లోకి ముందే జారుకుంటాడు కాబట్టి నీళ్లమీద సంధ్య రంగులు చూడాలని వచ్చినవాళ్లు నిరాశపడతారు.

విశాఖలో రామకృష్ణ బీచ్ చూడటానికే, దిగడానికి కాదు. ఈ మాట బోర్డుల మీద రాసినా వినని వాళ్ల గురించి ఏటా పత్రికల్లో చదువుతూనే ఉంటాం. ఒడ్డున నిలబడి అయిదు నిమిషాలు ఓపికగా చూస్తే ఎందుకో అర్థమవుతుంది. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటాయి, మధ్యలో ఒక పాయ మాత్రం విరగకుండా, కాస్త ముదురు రంగులో ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈత రానివాళ్లు అదే భద్రమైన చోటనుకుని అక్కడే దిగుతారు. ఒడ్డుకు చేరిన నీరంతా తిరిగి లోపలికి పరుగెత్తే దారి అది. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ పాయ దాటాక వెనక్కి రావాలి. ఇది రెండు తీరాలకూ వర్తిస్తుంది. పిల్లలతో దిగేముందు ఒకసారి చూపించి చెప్పండి.

దిగి తీరాలంటే విశాఖలో ఋషికొండ నయం. శుభ్రంగా, భద్రంగా ఉన్న తీరాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్‌ను 2020లో దేశంలో తొలి విడత పొందిన ఎనిమిది తీరాల్లో ఇదొకటి. మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, స్నానానికి హద్దులు గీసిన చోటు, కాపలాదారులు ఉండటం ఆ గుర్తింపుకు షరతు. 2025 మొదట్లో నిర్వహణ సరిగా లేదని గుర్తింపును కొన్నాళ్లు నిలిపి, మళ్లీ ఇచ్చారు. జెండా ఉంది కదా అని కళ్లు మూసుకోకుండా, వెళ్లినరోజు షవర్‌లో నీళ్లు వస్తున్నాయో లేదో కూడా చూసుకోవాలి. అక్కడినుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే సాగే రోడ్డు మన రాష్ట్రాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయాణం. దారిలో తొట్లకొండ ఎక్కితే బౌద్ధ భిక్షువులు ఎంత మంచి చోటు ఎంచుకున్నారో తెలుస్తుంది. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు చూసి వెనక్కి రావచ్చు.

ఆ దారిలోనే ఒక హోటల్లో ‘సీ వ్యూ’ గదికి అదనంగా డబ్బు కట్టాం. కిటికీ తెరిస్తే ముందు నల్ల నీళ్లట్యాంకు, దాని మీదుగా మెడ సాచితే ఒక నీలి గీత. రిసెప్షన్ అబ్బాయి ఏమాత్రం తడుముకోకుండా “కనిపిస్తోంది కదండీ” అన్నాడు. అప్పటినుంచి గది తీసుకునేముందు ఆ గది కిటికీలోంచే తీసిన ఫోటో వాట్సాప్‌లో పంపమంటున్నాను. పంపనివాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

సూర్యలంక గురించి రెండే ముక్కలు. హైదరాబాదు, గుంటూరు, విజయవాడల నుంచి అతి తక్కువ ఖర్చుతో కాళ్లు తడుపుకుని రావాలంటే ఇదే దారి. బాపట్ల స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే చాలు. పర్యాటక శాఖ రిసార్టు ఇసుక పక్కనే ఉంది, వారాంతాల్లో మాత్రం ముందే నిండిపోతుంది. కార్తీక మాసంలో, ఆదివారాల్లో తిరణాల జనం. ప్రమాదాలు జరిగినప్పుడు కొన్నాళ్లు స్నానాలు ఆపేస్తుంటారు కాబట్టి బయల్దేరేముందు ఒకసారి వాకబు చేయాలి. మామూలు పనిదినం పొద్దున వెళ్తే సరుగుడు తోపు నీడలో కూర్చుని సముద్రమంతా మీదే అనుకోవచ్చు.

ఇక గోకర్ణ. రెండు పక్షాలకూ సంధి కుదిర్చిన ఊరు ఇదే. రావణుడి చేతిలోంచి ఆత్మలింగం వినాయకుడి చేతికి వచ్చి నేలకు దిగిన కథ మా అత్తయ్యకు కంఠస్థం, మహాబలేశ్వరుడి దర్శనం అనగానే పడమటికి ఒప్పుకుంది. హుబ్బళ్లి దాకా రైల్లో వెళ్లి, అక్కడినుంచి యల్లాపుర మీదుగా అంకోలాకు దిగే ఘాట్ రోడ్డు పట్టుకున్నాం. ఆంధ్ర వైపు వాళ్లకయితే విజయవాడ, గుంటూరుల మీదుగా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది. అదే పేరుతో వాస్కో దాకా వెళ్లే రైలయితే ముందుకు సాగి గోవాలోకి దిగుతుంది.

గోకర్ణలో బస వెతికేటప్పుడు అందరూ “బీచ్‌కి ఎంత దూరం” అని అడుగుతారు. అడగవలసింది “ఎన్ని మెట్లు” అని. కుడ్లె, ఓం రెండూ గుట్టల కింద ఉన్నాయి. ఆటో పైనే ఆగిపోతుంది, అక్కడినుంచి సామాను మోసుకుంటూ దిగాలి. కొబ్బరాకు పాకలు, ఊయల మంచాలు, ఇసుకలోకే తెరుచుకునే తలుపులు, పాతికేళ్ల వాళ్లకు ఇదంతా స్వర్గమే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మాత్రం పొద్దున దిగితే సాయంత్రం ఎలా ఎక్కాలన్నదే ధ్యాస. మేము ఊళ్లో గుడికి నడకదూరంలో గది తీసుకుని, సాయంత్రాలు ఆటోలో కుడ్లె పైదాకా వెళ్లాం. అత్తయ్య పైన టీ కొట్టు బల్ల మీదే కూర్చుని అస్తమయం చూసింది. కింద ఇసుకలో నిలబడ్డ మాకన్నా తనకే బాగా కనిపించిందని ఇప్పటికీ అంటుంది. కేరళలో వర్కలకూ ఇదే హెచ్చరిక. గదులన్నీ నిట్టనిలువు గట్టు మీద, సముద్రం కింద.

గోవా వెళ్లేవాళ్లు కుటుంబంతో అయితే దక్షిణం వైపు వెళ్లండి. పాలోలెం, అగోండాల్లో రాత్రి పూట నిద్ర పడుతుంది. ఉత్తరాన కలంగూట్, బాగాల్లో ఆ హామీ ఇవ్వలేను. తీరం వెంట శిక్షణ పొందిన లైఫ్‌గార్డులు, ఎరుపు పసుపు జెండాలు, ఈల వేసి మరీ వెనక్కి పిలవడం, ఈ విషయంలో గోవాను చూసి మనవాళ్లు నేర్చుకోవలసింది చాలా ఉంది. కిరాయి మాత్రం గుదిబండ. హైదరాబాదులో ఫోను నొక్కితే వచ్చే క్యాబ్ అలవాటు అక్కడ పనికిరాదు. ఓలా, ఉబర్ లేవు, ఎక్కువగా స్థానిక టాక్సీవాళ్లు చెప్పిందే ధర. లైసెన్సు ఉంటే స్కూటర్ అద్దెకు తీసుకోవడం ఉత్తమం. తెల్ల నంబరు ప్లేటు బండి అంటగడితే వద్దనండి. అద్దె బళ్లకు నల్ల ప్లేటు మీద పసుపు అంకెలుంటాయి, లేకపోతే పోలీసులు ఆపినప్పుడు జరిమానా మన నెత్తినే.

పూరి సంగతి వదిలేస్తే మా అత్తయ్య ఊరుకోదు. అక్కడ స్నానం చేయించే నులియాల్లో చాలామంది మూలాలు మన తీరపు జాలరి కుటుంబాల్లోనే ఉన్నాయి. తెలుగులో పలకరిస్తే చేయి పట్టుకుని మరీ అలల్లోకి తీసుకెళ్తారు. అలలు పెద్దవే కానీ, పట్టుకున్న చేయి గట్టిది.

ఇప్పుడు నెలల లెక్క. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు పడమటి సముద్రం మీదపడుతుంది. స్నానాలకు ఎర్రజెండా, ఇసుక మీది పాకలు విప్పేస్తారు, ఉడుపి దగ్గర సెయింట్ మేరీస్ దీవికి పడవలు ఆగిపోతాయి. వాన చూడటానికి వెళ్లేవాళ్లు వేరే జాతి, వాళ్లకు ఈ మాటలు అక్కర్లేదు. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం మనవైపు. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకింది అక్టోబరు 12నే. దసరా సెలవులకు నేను తూర్పున హోటల్ తీసుకుంటే డబ్బు వెనక్కి ఇచ్చే షరతు మీదే తీసుకుంటాను. డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా రెండు తీరాలూ బాగుంటాయి. క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య వారం మాత్రం గోవా గది ధరలు వింటే కళ్లు తిరుగుతాయి, సంక్రాంతికి వెళ్తే అదే గది మర్యాదగా దొరుకుతుంది.

మన బడుల వేసవి సెలవులు ఏప్రిల్ చివరన మొదలవుతాయి కాబట్టి చాలామందికి మిగిలేది మే నెల. చేపల కోసం వెళ్లేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. తెప్పల మీద తెచ్చే కాస్త తప్ప, ఆ రోజుల్లో విశాఖ హోటల్లో వంజరం, చందువ అడిగితే ఎక్కువగా ఐసు పెట్టెలోంచి వచ్చేదే. పడమట నిషేధం జూన్ 1న మొదలై జూలై 31 దాకా ఉంటుంది. మే మొదటి మూడు వారాల్లో కార్వార్, గోకర్ణ, గోవాల్లో రవ్వ అద్ది వేయించిన చేప ఆ పొద్దున పట్టిందే అయ్యే అవకాశం ఎక్కువ. ఉక్కపోత రెండు వైపులా ఒకటే. కాబట్టి మేలో నా ఓటు పడమటికి, సంక్రాంతికి విశాఖకు. రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి, సంక్రాంతి రోజుల్లో విశాఖ బెర్తులు తెరిచిన పొద్దునే అయిపోతాయి, అలారం పెట్టుకోండి.