ఆరేళ్ళు మియాటా బరువు తగ్గించాక: తీసినవి, తిరిగి పెట్టినవి

ముందే లెక్క చెప్పేస్తాను. నా 1999 మోడల్ మాజ్దా మియాటా (రెండు సీట్ల, పైన టాప్ తెరుచుకునే చిన్న స్పోర్ట్స్ కారు) నుంచి ఆరేళ్ళలో 72 కిలోలు తీశాను. అందులో 19 కిలోలు తిరిగి పెట్టాను. 18 కిలోలు కొత్తగా ఎక్కించాను. సగం ట్యాంకు పెట్రోలుతో, లోపల మనిషి లేకుండా మొదట 1032 కిలోలు తూగిన కారు ఈరోజు 997 తూగుతోంది. ఇంత డబ్బు, ఇన్ని ఆదివారాలు పెట్టి 35 కిలోలేనా అని మా తమ్ముడు అడిగాడు. అవును, 35 కిలోలే. కానీ కొన్న రోజున నడిపిన కారు, ఇప్పుడు నడుపుతున్న కారు ఒకటి కావు, మలుపులో స్టీరింగ్ పట్టుకుంటే ఎవరికైనా తెలిసిపోతుంది. దీనికి కారణం ఎన్ని కిలోలు పోయాయి అన్నదానికంటే అవి ఎక్కడి నుంచి పోయాయి, పోయాక మిగతా కారును ఎలా సర్దాను అన్నదే.

మేం డాలస్ దగ్గర ఉంటాం. 2019లో ఈ కారు కొన్నప్పటి నుంచి నెలకోసారి ఆటోక్రాస్ (ఖాళీ స్థలంలో కోన్ల మధ్య ఒక్కో కారూ టైముకి పోటీపడేది), ఏడాదికి నాలుగైదు సార్లు క్రెసన్‌లో ఉన్న మోటార్‌స్పోర్ట్ రాంచ్ ట్రాక్, వారానికి రెండు రోజులు ఆఫీసు, ఇవన్నీ దీనిమీదే. అంటే ట్రైలర్ మీద తీసుకెళ్ళే రేసు కారు కాదు, రోడ్డు మీద తిరిగే బండి. ఇది చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

బరువు తగ్గితే మలుపులో ఎందుకు బాగుంటుందో కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. టైరు మీద బరువు రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. కారు గట్టిగా మలుపు తిరిగినప్పుడు లోపలి చక్రాల మీది బరువు బయటి చక్రాల మీదికి పోతుంది. నాతో కలిపి 1100 కిలోల ఈ కారులో గట్టి మలుపులో సుమారు 300 కిలోలు అలా పక్కకు జరుగుతాయి. బయటి టైర్లు మోయలేనంత మోస్తుంటే లోపలి టైర్లు ఖాళీగా ఉంటాయి. కారు తేలికైతే, బరువు కిందికి దిగితే, ఈ జరిగే బరువు తగ్గి నాలుగు టైర్లూ పని పంచుకుంటాయి. ఇంజిన్ పవర్ పెంచితే లాభం తిన్నని రోడ్డు మీదే. బరువు తగ్గితే బ్రేకులో లాభం, మలుపులో లాభం, మలుపు దాటి వేగం అందుకునేటప్పుడూ లాభం. లోటస్ స్థాపించిన కోలిన్ చాప్‌మన్ కార్లన్నీ ఈ లెక్క మీదే నడిచాయి, ఆయన తర్వాత 1996లో వచ్చిన ఎలీజ్ కూడా అల్యూమినియం చాసిస్‌తో దాదాపు 725 కిలోలే ఉండేది. మాజ్దా వాళ్ళూ మియాటా విషయంలో గ్రాములు లెక్కపెట్టే రకమే.

నేను మొదట డిక్కీలో చెయ్యి పెట్టాను, ఎందుకంటే అది ఉచితం. స్పేర్ చక్రం, జాకీ, పనిముట్లు అన్నీ కలిపి 15 కిలోలు. ఈ కారుకి బ్యాటరీ కూడా డిక్కీలోనే ఉంటుంది. 10 కిలోల బ్యాటరీ తీసి 3 కిలోల లిథియం బ్యాటరీ వేశాను. మొత్తం 22 కిలోలు, అదీ వెనక చక్రాల ఇరుసు దాటిన చోటు నుంచి. ఆటోక్రాస్‌లో కోన్ల మధ్య అటూ ఇటూ తిప్పుతుంటే తేడా వెంటనే తెలిసింది. కావడి మోసేవాణ్ణి గుర్తు తెచ్చుకోండి. రెండు చివర్లా బిందెలు వేలాడుతుంటే గిర్రున తిరగలేడు, తిరగడం మొదలుపెట్టాక ఆగనూ లేడు. అవే బిందెలు చంకలో పెట్టుకుంటే అదే బరువుతో చటుక్కున తిరుగుతాడు. కారు చివర్ల నుంచి తీసిన కిలో, మధ్యలో తీసిన కిలో ఒకటి కావని అప్పుడే ఒంటబట్టింది.

అయితే దాంతోపాటు ఒక ప్రమాదం కూడా తెచ్చుకున్నాను. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ ఈ కారుకి లేదు. క్రెసన్‌లో తిన్నని రోడ్డు చివర ఎప్పుడూ తొక్కే చోటే బ్రేకు తొక్కాను, వెనక చక్రాలు ముందే పట్టేసి కారు తోక కుడివైపుకి జారింది. స్టీరింగ్ వదులు చేసి, పెడల్ కొంచెం లేపి ఎలాగో నిలబెట్టాను, గడ్డిలోకి మాత్రం వెళ్ళాను. చేతులు వణుకుతుంటే పిట్‌లోకి వచ్చి కూర్చున్నాను. జరిగిందేమిటంటే, ఫ్యాక్టరీ వాళ్ళు ముందూ వెనకా బ్రేకులు పంచింది డిక్కీలో ఆ 22 కిలోలు ఉన్నాయన్న లెక్కతో. నేను వెనక బరువు తీసేశాను, బ్రేకు పంపకం మాత్రం అలాగే వదిలేశాను. చిన్నప్పుడు విజయవాడలో నాన్న చేతక్ మీద గ్యాస్ బండ వెనక సీటుకి కట్టి తెస్తే హ్యాండిల్ తేలిపోయేది, కాళ్ళ దగ్గర పెడితే బండి చెప్పినట్టు వినేది. అది తెలిసి కూడా ఈ కారు దగ్గర ఆలోచించలేదు. తర్వాత వెనక బ్రేకులకి కాస్త తక్కువ పట్టున్న ప్యాడ్లు వేశాను, మళ్ళీ అలా జరగలేదు. వెనక నుంచి బరువు తీసినవాళ్ళు ట్రాక్ మీదికి వెళ్ళే ముందు ఖాళీ స్థలంలో గట్టిగా బ్రేకు తొక్కి చూసుకోండి, దయచేసి.

లిథియం బ్యాటరీ గురించి కూడా చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టినప్పుడు ఇంజిన్ తిరగనే లేదు. ఈ బ్యాటరీలు చలికి మొద్దుబారతాయి. హెడ్‌లైట్లు కొన్ని నిమిషాలు వేసి ఉంచితే లోపల కాస్త వేడెక్కి అప్పుడు లాగుతుంది. సంక్రాంతికి ఇండియా వెళ్ళేటప్పుడు తప్పకుండా వైరు ఊడదీసి వెళ్తాను, దీనిలో నిలవ తక్కువ కాబట్టి నెల రోజులకి ఖాళీ అయిపోతుంది. ఈ రెండూ ఓపిక పట్టగలిగితే 7 కిలోలకి మంచి బేరమే.

అన్నిటికంటే నాకు నచ్చింది డ్రైవర్ సీటు. ఫైబర్‌గ్లాస్ బకెట్ సీటు, బ్రాకెట్లతో సహా 9 కిలోలు, పాతది 16. తగ్గింది 7 కిలోలే, కానీ నేను నాలుగు సెంటీమీటర్లు కిందికి దిగాను. నా బరువు 78 కిలోలు. అంత బరువు అంత కిందికి దిగడమంటే చిన్న సంగతి కాదు. పైగా మలుపులో ఒళ్ళు జారకుండా మోకాలు డోరుకి నొక్కిపెట్టి, స్టీరింగ్‌ని పట్టుకొమ్మలా పట్టుకుని కూర్చునే బాధ పోయింది, చేతులు వదులయ్యాయి, ముందు టైర్లు ఏం చేస్తున్నాయో అరచేతికి తెలియడం మొదలైంది. పక్క సీటు జోలికి వెళ్ళలేదు. మా ఆవిడ అందులో కూర్చుంటుంది.

చక్రాలు ఒక్కోటి కిలో పావు తేలికవి వేశాను, నాలుగుకీ 5 కిలోలు. తూకంలో ఇది దాదాపు లెక్కలోకి రాదు. రోడ్డు మీద మాత్రం వస్తుంది, ఎందుకంటే ఆ బరువు స్ప్రింగు కింద ఉంటుంది. గతుకు మీద చక్రం పైకి లేచి ఎంత త్వరగా మళ్ళీ నేలకి ఆనుతుందో అంత పట్టు. మా ఇంటి దగ్గర ఒక మలుపు మధ్యలో కాంక్రీటు అతుకు ఉంది, పాత చక్రాలతో అక్కడ కారు రెండు అంగుళాలు పక్కకి గెంతేది. ఇప్పుడు దడ్ మని చప్పుడొస్తుంది, గీత మాత్రం తప్పదు. ఒక హెచ్చరిక: మొదట నేను కొన్న చవక చక్రాలు (పేరు చెప్పను) ఎనిమిది నెలల్లో ఒకటి గుంతలో పడి అంచు చిట్లింది. తేలిక చక్రం కొంటే పరీక్షించి ముద్రవేసిన మంచివే కొనండి.

ఇక వద్దనిపించిన వాటి గురించి.

2020 జూలైలో ఇంట్లోనే ఉన్నాం కదా అని కార్పెట్ లేపి చప్పుడు, వేడి లోపలికి రాకుండా నేల మీద అంటించిన తారు షీట్లు తీశాను. డ్రై ఐస్ ముక్కలు షీటు మీద పరిచి పది నిమిషాలు ఆగితే తారు గట్టిపడి, సుత్తితో తడితే గాజులా పగిలి చిప్పలుగా లేస్తుంది. చప్పుడు వినడానికే బాగుంటుంది. గ్యారేజ్ తలుపు తెరిచి, మందం చేతి తొడుగులు వేసుకునే చెయ్యండి, మూసిన గదిలో ఆ పొగ ఊపిరాడనివ్వదు. రెండు రోజుల పనికి వచ్చింది 6 కిలోలు. దానికి సైలెన్సర్ మార్చి మరో 9 కిలోలు, రేడియో, స్పీకర్లు 4 కిలోలు. ఫలితం ఏమిటంటే హైవే మీద 70 మైళ్ళ వేగంలో గంట ప్రయాణం చేస్తే తలనొప్పి, ఇంజిన్ పొగ గొట్టం వేడి నేలలోంచి నేరుగా అరికాలికి. ఆ 6 కిలోలు కారు అడుగున, మధ్యలో ఉన్నవి. అవి పోయినందుకు నడకలో ఏ తేడా నాకు తెలియలేదు. వేడి ఆపే రేకు పరిచాను, తారు మాత్రం తిరిగి వెయ్యలేను. ఇదొక్కటి వెనక్కి తీసుకోగలిగితే తీసుకుంటాను.

ఏసీ తీయడం ఇంకా పెద్ద తప్పు. గ్యాస్‌ని గాలిలోకి వదలకూడదు, చట్టం ఒప్పుకోదు, అందుకని షాపులో తీయించి, కంప్రెసర్, కండెన్సర్ అన్నీ ఊడదీశాను. 19 కిలోలు, అదీ ముక్కు మీద నుంచి. చలికాలం అంతా స్టీరింగ్ తిప్పితే ముందు భాగం ఎంత చురుగ్గా లోపలికి దూకేదో, ఆ సంతోషం నిజమైనదే. ఆగస్టు వచ్చింది. బయట 40 డిగ్రీలు. ఆటోక్రాస్‌కి చేరేసరికి చొక్కా పిండితే నీళ్ళు, మూడో రన్‌కి చూపు నిలవట్లేదు. అలసిపోయిన డ్రైవర్ పోగొట్టే సెకన్లు ఆ 19 కిలోలు తెచ్చిన వాటికంటే ఎక్కువ. రెండో వేసవికి తిరిగి పెట్టాను. తీసినప్పుడు గొట్టాల మూతులు మూయలేదు కాబట్టి తేమ చేరి, దాన్ని పీల్చే డ్రయ్యర్ కొత్తది కొనాల్సి వచ్చింది. తీసేవాళ్ళు మూతులు బిగించి దాచండి. ఇంకో సంగతి, స్పేర్ చక్రం, జాకీ తీసినా ఆటోక్రాస్‌లో మార్పులు తక్కువున్న కార్ల స్ట్రీట్ క్లాసులోనే ఉంటారు, ఏసీ, కార్పెట్ తీస్తే ఉండరు. ఇంకా ఎక్కువ మార్పులు చేసిన కార్లతో పోటీ పడాలి. రూల్ బుక్ చూశాకే స్పానర్ పట్టుకోండి.

ఎక్కించిన 18 కిలోలు రోల్ బార్, అంటే సీట్ల వెనక బిగించే ఇనుప చట్రం. పైన టాప్ లేని కారు తల్లకిందులైతే తలని కాపాడేది అదొక్కటే. దాన్ని ఎప్పటికీ తీయను. ఎయిర్‌బ్యాగులు, బంపర్ లోపలి ఇనుము కూడా తీస్తే బాగా తగ్గుతుందని అంటారు. రోడ్డు మీద తిరిగే కారులో నేను వాటిని ముట్టుకోను, మీరూ ముట్టుకోకండి.

బరువు తీశాక అందరూ మరిచిపోయేది సర్దడం. వెనక బరువు పోయేసరికి కారు అక్కడ ఒక సెంటీమీటరు పైకి లేచింది, చక్రాల వాలు మారింది, అసలు తేలికైన కారు మొదటి నెలల్లో పాతదానికంటే చెడ్డగా నడిచింది. ఒక షాపులో అలైన్‌మెంట్ చేయించాను, సీటు ఖాళీగా ఉంచి చేశారు, నా బరువు పెట్టమంటే అక్కర్లేదన్నారు. చివరికి ఎత్తు మార్చుకునే కాయిలోవర్లు (స్ప్రింగు, షాక్ అబ్సార్బర్ కలిసి ఉండేవి) వేసి, స్నేహితుడి దగ్గర నాలుగు చక్రాల కింద పెట్టే తూకాలు అరువు తెచ్చి ఆ పని నేనే మొదలుపెట్టాను. డ్రైవర్ సీట్లో నా బదులు సోనా మసూరి బియ్యం బస్తాలు, ఒక్కోటి 20 పౌండ్లు, ఇంట్లో ఉన్నవి మూడు, పక్కింటి అన్నవాళ్ళ దగ్గర తెచ్చినవి ఐదు, పైన రెండు కందిపప్పు సంచులు. స్ప్రింగు కింది రింగు ఒక చుట్టు తిప్పడం, కారుని ముందుకీ వెనక్కీ తోసి స్థిరపడనివ్వడం, అంకె చూడడం. కుడి ముందు, ఎడమ వెనక చక్రాలు కలిపి మోసేది మొత్తం బరువులో 51.8 శాతం ఉన్నది 50.1కి రావడానికి రాత్రి పదకొండైంది. మర్నాడు ఎడమ మలుపు, కుడి మలుపు ఒకేలా తిరిగాయి. ఆరేళ్ళలో నాకు కలిగిన అతిపెద్ద మార్పు అదే, దానికి ఒక్క గ్రాము కూడా తీయలేదు. ట్రాక్‌కి వెళ్ళే రోజు ట్యాంకు నిండా కాకుండా సగమే పోయించడం కూడా ఇలాంటిదే, 18 కిలోలు పైసా ఖర్చు లేకుండా తగ్గుతాయి.

పవర్ స్టీరింగ్ మాత్రం ఇంతవరకు తీయలేదు. పంపు, గొట్టాలు అన్నీ పోతే బరువు తగ్గుతుంది, అదీ ముక్కు మీదే. పోయిన నెల ఒకాయన అలా తీసేసిన తన కారు నడపమని తాళం చేతికిచ్చాడు. రోడ్డు మీది చిన్న ఇసుక రేణువు కూడా చేతికి తగిలింది, అంత బాగుంది. పార్కింగ్‌లోంచి వెనక్కి తీసేటప్పుడు భుజం పట్టేసింది. ఇంకో వేసవి ఆలోచిస్తాను.