ముందు మార్చాల్సింది ఏసీనా, ఫ్యాన్లా?

ఏప్రిల్ బిల్లు వచ్చిన వారంలోనే మా చుట్టాల్లో ముగ్గురు ఫోన్ చేసి ఒకటే అడిగారు. "పాత ఏసీ తీసేసి ఫైవ్‌స్టార్ ఇన్వర్టర్ ఏసీ కొంటే కరెంటు బిల్లు తగ్గుతుందా?" తగ్గుతుంది. కానీ ఆ నలభై వేలు పెట్టే ముందు ఒక్కసారి తల పైకెత్తి చూడమన్నాను. నెత్తిమీద తిరిగే ఫ్యాన్ సంగతి ఒక్కరూ అడగలేదు మరి.

పోయిన వేసవిలో మేమూ ఇదే మీమాంసలో పడ్డాం. హైదరాబాద్‌లో అద్దె ఇల్లు. పదేళ్ల నాటి ఒకటిన్నర టన్నుల ఏసీ ఒకటి, పెళ్లినాటి ఫ్యాన్లు మూడు. చివరికి ఏసీని అలాగే ఉంచి మూడు ఫ్యాన్లూ మార్చి బీఎల్‌డీసీవి, అంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారువి, బిగించాం.

ఏది కొన్నా ముందు చూసుకోవాల్సింది స్టార్లు కాదు, మీ మీటరు ఏ శ్లాబు దగ్గర ఆగుతోందన్నది. తెలంగాణలో 2022లో వచ్చిన రేట్ల ప్రకారం నెలకు 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకు 3 రూపాయల 40 పైసల చొప్పున, రెండో వందకు 4 రూపాయల 80 పైసల చొప్పున మొత్తం 820 రూపాయలు. అదే 201 అయిందనుకోండి, మొదటి 200 యూనిట్లూ 5 రూపాయల 10 పైసల రేటులోకి పోతాయి, ఆపైన ఒక్క యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట! 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకంలో సున్నా బిల్లు వచ్చే ఇళ్లకైతే ఇంకా నొప్పి. 200 దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ గోతి లేదు, మెట్లున్నాయి. మొదటి 30 యూనిట్లకు 1 రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6, 400 దాకా 8 రూపాయల 75 పైసలు, ఆపైన 9 రూపాయల 75 పైసలు. పై మెట్టు ఎక్కినా కింది యూనిట్ల రేటు మారదు. పాత ఖర్చుల తేడాను తర్వాతి బిల్లుల్లో కలిపే ట్రూ అప్ వడ్డింపు వేరే కథ. అందుకే విజయవాడలో ఉన్న మా పిన్నికీ, కూకట్‌పల్లిలో ఉన్న మా బావకీ ఒకే జవాబు చెప్పలేను.

ఇప్పుడు ఫ్యాన్ లెక్క. పాత ఫ్యాన్ ఫుల్ స్పీడులో 75 వాట్ల దాకా లాగుతుంది. బీఎల్‌డీసీది 30 దగ్గర ఆగుతుంది. ఫ్యాన్‌కు 45 వాట్లు మిగులు. ఇదేమంత అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. కానీ మూడు ఫ్యాన్లు, రోజుకు పదిహేను గంటలు, ముప్పై రోజులు వేసి చూడండి: 60 యూనిట్లు. నెలకు 250 కాల్చే ఇల్లు 190కి దిగుతుంది. హైదరాబాద్‌లో అయితే 1,405 నుంచి 772కి, అంటే 633 రూపాయలు ఆదా. ఆంధ్రాలో ఇదే ఇంటికి 1,236 నుంచి 807కి, 429 ఆదా. (కస్టమర్ ఛార్జీలూ ఫిక్స్‌డ్ ఛార్జీలూ ఇందులో కలపలేదు, అవి ఎలాగూ తప్పవు.)

ఏసీ లెక్కకు వద్దాం. మా పాతది రాత్రి ఎనిమిది గంటలు వేస్తే గంటకు సుమారు ఒక యూనిట్ కాలుస్తుంది. కొత్త ఫైవ్‌స్టార్ అందులో సగంతో సరిపెడుతుందనుకుందాం. కొత్త ఏసీ స్టిక్కరు మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. అది 1,600 గంటల వాడకానికి వేసిన అంకె. స్టార్ల కన్నా దాన్నే చూడండి. స్టార్ల కొలత కొన్నేళ్లకోసారి కఠినమవుతుంది, పాత ఫైవ్‌స్టార్ ఇప్పటి ఫైవ్‌స్టార్‌తో సమానం కాదు. సరే, నెలకు 120 యూనిట్లు మిగులుతాయి. ఫ్యాన్లకు రెట్టింపు! కానీ ఎన్ని నెలలు? మా ఇంట్లో ఏసీ తిరిగేది మూడే. ఆ నెలల్లో బిల్లు 400 యూనిట్లు తాకుతుంది. 280కి దించినా 200 గీత బయటే ఉంటాం. ఆదా నెలకు 1,054, ఏడాదికి మూడు వేల పైచిలుకు. నలభై వేలు తిరిగి రావాలంటే పన్నెండేళ్లు దాటుతుంది, ఆలోగా ఏసీకే నూకలు చెల్లుతాయి. తొమ్మిది వేలు పోసిన ఫ్యాన్లయితే చలికాలం తీసేసినా ఏడాదికి నాలుగున్నర వేల పైనే మిగిల్చాయి. రెండేళ్లలో బాకీ తీరుతుంది.

ఏసీ ఎవరూ మార్చకూడదని కాదు. రోజంతా ఇంట్లోంచే పనిచేస్తూ ఆరేడు నెలలు పన్నెండేసి గంటలు ఏసీ వేసేవాళ్లకు నా లెక్క తలకిందులవుతుంది, వాళ్లు ముందు ఏసీయే మార్చుకోవాలి. గ్యాస్ నింపించడానికి ఏటా మూడు వేలు పోసేవాళ్లు కూడా. మిగతావాళ్లు రిమోట్ మీద అంకె మారిస్తే చాలు. డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ చెబుతుంది. 2020 నుంచి కొత్త ఏసీలు 24 మీద మొదలయ్యేలా వస్తున్నదీ అందుకే. మావాళ్లు 22లో పెట్టి రెండు దుప్పట్లు కప్పుకునేవారు. ఇప్పుడు 26లో పెట్టి, పైన ఫ్యాన్ మూడో నంబరులో తిప్పుతున్నాం. మొదటి రెండు రోజులు సణిగారు, మూడో రోజు నుంచి ఆ ఊసే లేదు.

బీఎల్‌డీసీకి లోపాలు లేవా అంటే ఉన్నాయి. పాత ఫ్యాన్ నెమ్మదిస్తే వీధి చివరి ఎలక్ట్రీషియన్ వంద రూపాయల లోపు కండెన్సర్ మార్చి పోతాడు, కాయిల్ కాలితే వైండింగ్ చేయిస్తాం. దీంట్లో లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోతే కంపెనీవాడి కోసం ఎదురుచూడాల్సిందే. మా హాల్లోది ఎనిమిదో నెలలో ఆగిపోయింది. వారంటీలో ఉచితంగానే మార్చారు గానీ, పదకొండు రోజులు పట్టింది. వారంటీ ఎన్నేళ్లో, మీ ఊళ్లో సర్వీసు ఉందో లేదో అడక్కుండా కొనకండి. రెండు మూడు వందలు తక్కువని పేరు తెలియనిది అసలే వద్దు. గోడ మీది రెగ్యులేటర్ కూడా పనికిరాదు, తీయించేసి స్పీడు రిమోట్‌తో మార్చుకోవాలి. ఇక కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అసలు లాభం తెలుస్తుంది. అదే బ్యాటరీ మీద ఫ్యాన్లు రెట్టింపు సేపు తిరుగుతాయి.

కూలర్ మాటా అడుగుతారు. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం లాంటి పొడి ఎండల్లో బ్రహ్మాండం, ఎనిమిది గంటలకు ఒకటిన్నర యూనిట్ లోపే. కిటికీ తెరిచి పెట్టాలి, నీళ్లు పోయాలి, గడ్డి మార్చాలి. విజయవాడ, విశాఖ ఉక్కపోతలో దాన్ని వేస్తే ఒళ్లు జిడ్డు కావడమే మిగులుతుంది. సోలార్ సొంత డాబా ఉన్నవాళ్ల మాట. కేంద్రం పథకం పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ ఉంది, నెలకు మూడొందల యూనిట్లకు పైగా వస్తాయి. అద్దె ఇంట్లో ఉన్న నాకు దానితో పనిలేదు.

ఫ్యాన్లు మార్చాక మాకు అలవాటైంది ఇంకోటి ఉంది. ప్రతి నెలా 20వ తేదీన మీటరు ఫోటో తీసుకుంటాం. పోయిన నెల రీడింగ్ తీసేస్తే 130 లోపు ఉంటే నిశ్చింత. అది దాటితే మిగిలిన పది రోజులూ గీజర్‌కూ ఇస్త్రీపెట్టెకూ కొంచెం విశ్రాంతి.

తెనాలిలో మా నాన్న గదికి కూడా కొత్త ఫ్యాన్ పట్టుకెళ్లాను. ఆయన రెండు రోజులు వాడి, మూడో రోజు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి పాతదే బిగించుకున్నాడు. అర్ధరాత్రి రిమోట్ ఎక్కడ వెతకనురా, గోడ మీద రెగ్యులేటర్ అయితే చీకట్లోనూ చేతికి తగులుతుందని. కొత్తది ఇప్పుడు వంటింట్లో అమ్మకు గాలి విసురుతోంది.