గైడ్ ఎంపిక: సైటేషన్ల లెక్కా, జనం వాడకమా?

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అహేరి వైపు నుంచి హ్యూమన్-కంప్యూటర్ ఇంటరాక్షన్‌లో (మనుషులు కంప్యూటర్లను, ఫోన్లను ఎలా వాడతారో చదివే రంగం) పీహెచ్‌డీకి వెళ్లాలనుకునే మన పిల్లలకు ఒకటే టెన్షన్: గైడ్ స్థాయిని దేనితో తూచాలి? ఆయన పేపర్లను ఇతర పరిశోధకులు ఎన్నిసార్లు ఉదహరించారన్న సైటేషన్ల లెక్కతోనా, ఆయన తయారుచేసినవాటిని జనం వాడుతున్నారా అన్నదానితోనా?

ఖర్చు: సైటేషన్లను ఒక్క అంకెలో చెప్పే హెచ్-ఇండెక్స్, పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో ఉచితం. వాడకం చూడాలంటే బస్సు ఛార్జీలు మనవే.

శ్రమ: మొదటిది 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ఇచ్చిన లెక్క. 20 అంటే, ఒక్కోటీ కనీసం 20 సార్లు ఉదహరించిన పేపర్లు 20 ఉన్నట్టు. రెండోదానికి వాడేవాళ్లతో తెలుగు, మరాఠీ, గోండీల్లో మాట్లాడాలి.

రిస్క్: అంకె సీనియర్లకే అనుకూలం. పైగా ఈ రంగంలో పేరున్న పని చాలావరకు ‘కై’ (CHI) లాంటి అంతర్జాతీయ సదస్సుల్లో వస్తుంది. జర్నళ్లనే లెక్కపెట్టే పట్టికలకు అది ఆనదు. వాడకానికీ బెడద ఉంది. నిధులు ఆగితే యాప్ ఆగిపోతుంది, ప్రారంభోత్సవం ఫొటోలు మాత్రం మిగులుతాయి!

జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది ప్రశ్నల ఎస్‌యూఎస్ (ఒక వస్తువు వాడటం ఎంత సులువో కొలిచే ప్రశ్నావళి) రెండు లెక్కల్లోనూ నెగ్గింది. అలాంటివి అరుదు. పక్క ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర అనే ఫోన్ వార్తల సేవ మామూలు ఫోన్లోనే గోండీలో కబురు చెప్పే వీలిచ్చింది. దాని విలువ సైటేషన్లలో దొరకదని నా అభిప్రాయం.

విదేశీ ఫెలోషిప్, లెక్చరర్ ఉద్యోగం కావాలంటే సైటేషన్లు చూడండి. మన తాలూకా ఆశా కార్యకర్తలకు పనికొచ్చేది చేయాలంటే వాడకం చూడండి. నేనైతే ముందు గైడ్ పాత విద్యార్థికి ఫోన్ చేసి, ఆ యాప్ ఇంకా నడుస్తోందా అని అడుగుతాను.