గుంటూరులో ఒక రోజు ధ్యానకూటం

స్వచిత్తాన్ని దేవునికి అప్పగించుకోవడం అనే అంశంపై గుంటూరులోని ఒక క్రైస్తవ సంఘం వారు జరిపిన ధ్యానకూటానికి, భోజనంతో కలిపి 300 రూపాయలు చెల్లించి, గత నెలలో వెళ్లాను.

ఉదయపు ప్రసంగం ఒక్కటే ఆ రుసుముకు సరిపోతుంది. సిలువకు ముందు రాత్రి యేసు ప్రార్థించిన గెత్సేమనే తోట పేరుకు నూనె గానుగ అని అర్థం చెప్పి, అక్కడ యేసు ప్రభువు తన ముందున్న శ్రమల గిన్నెను తొలగించమని అడిగిన తరువాతనే తండ్రి చిత్తానికి తలవంచాడనీ, మత్తయి సువార్త ప్రకారం మూడుమార్లు అలా ప్రార్థించాడనీ బోధకుడు తొందరపడకుండా వివరించారు. కోరికే లేనట్టు నటించడాన్ని సమర్పణ అనుకునే నాబోటివారికి ఇది పెద్ద ఊరట.

తరువాత తలా ఒక చీటీ ఇచ్చి, వదులుకోలేకపోతున్నదేదో రాసి బల్లమీది బుట్టలో వేయమన్నారు. నా పక్కనున్న పెద్దామె "అమ్మాయి పెళ్లి" అని రాసి, కొట్టివేసి, మళ్లీ అదే రాశారు. నేను బదిలీ సంగతి రాశాను గానీ, చీటీ మడిచి చాలాసేపు గుప్పిట్లోనే ఉంచుకున్నాను.

మధ్యాహ్నం మాత్రం నిరాశపరిచింది. మౌనధ్యానమని ప్రకటించిన గంటలో లౌడ్‌స్పీకర్లు ఆగలేదు. భోజనం మూడింటికి గానీ రాలేదు (పప్పుచారు బాగుందని ఒప్పుకోవాలి). నిర్వాహకులకు చెబితే, అది కూడా దేవుని చిత్తమే అన్నారు. వంట ఆలస్యాన్ని దేవుని లెక్కలో వేయడం నాకు రుచించలేదు.

ఈసారి ఉదయం వరకే వెళతాను.