మొదటి క్రెడిట్ కార్డు: కొసరు చూడాలా, స్కోరు చూడాలా?

మా పిన్ని కొడుక్కి గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చి ఏడాది దాటింది. జీతం 32 వేలు. పోయిన సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఫోను నా చేతిలో పెట్టి, "అక్కా, వీటిలో ఏది తీసుకోమంటావు?" అన్నాడు. అందులో మూడు కార్డులున్నాయి: ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చేది ఒకటి, ఏడాది ఫీజు లేని క్యాష్‌బ్యాక్ కార్డు ఒకటి, 999 ఫీజుతో రివార్డ్ పాయింట్లు, ఎయిర్‌పోర్ట్ లాంజ్ ఇచ్చేది ఇంకొకటి. వాడి మనసంతా ఆ మూడోదాని మీదే.

"ఏడాదికి ఎన్నిసార్లు విమానం ఎక్కుతావురా?" అని అడిగాను. ఖమ్మం బస్సు తప్ప ఇంకేదీ ఎక్కడు. కాగితం తీసుకుని లెక్క వేశాం. కార్డు మీద నెలకు 12 వేల దాకా ఖర్చు పెడతాడు. ఆ కార్డులో వందకు ఒక పాయింటు, పాయింటు విలువ పావలా. అంటే నెలకు 30 రూపాయలు, ఏడాదికి 360. ఫీజు మాత్రం జీఎస్టీతో కలిపి 1,179 దాకా అవుతుంది. ఇక దాని గురించి మాట్లాడాల్సిందేమీ లేదు.

ఫీజు లేని క్యాష్‌బ్యాక్ కార్డు అలా కాదు. ఉదాహరణకు అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకి చేరడానికీ, ఏటా కొనసాగించడానికీ డబ్బు కట్టక్కర్లేదు. అమెజాన్‌లో కొంటే ప్రైమ్ సభ్యులకు 5 శాతం, మిగతావాళ్లకు 3 శాతం, బయట చాలా ఖర్చులకు 1 శాతం వెనక్కి వస్తుంది. ఒక్క శాతమే అనుకున్నా మావాడికి నెలకు 120. వేడినీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు, ఫోన్ రీఛార్జ్ ఖర్చులో కొంత కలిసొస్తుంది.

అయితే ఇలాంటి కార్డు ఇవ్వాలంటే బ్యాంకు ముందు సిబిల్ స్కోరు చూస్తుంది, అంటే మనం అప్పులు ఎలా తీర్చామో చూసి సిబిల్ అనే సంస్థ ఇచ్చే మార్కు. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది, 750 దాటితే మంచిదంటారు. మావాడు ఎప్పుడూ అప్పు తీసుకోలేదు కాబట్టి వాడికి అసలు స్కోరే లేదు. అప్పటికే రెండు బ్యాంకులు కాదన్నాయి. అప్లై చేసిన ప్రతిసారీ, బ్యాంకు మన వివరాలు అడిగిన సంగతి (ఎంక్వైరీ) సిబిల్ రిపోర్టులో పడుతుంది. వరసగా నాలుగైదు ఉంటే, డబ్బుకి ఇబ్బందిలో ఉన్నాడేమో అని బ్యాంకుకి అనుమానం వస్తుంది.

అందుకే నేను ఎఫ్‌డీ కార్డు వైపే మొగ్గాను. డిపాజిట్ బ్యాంకు దగ్గర తాకట్టులో ఉంటుంది కాబట్టి అప్పుల చరిత్ర లేనివాళ్లకీ ఇస్తారు. వడ్డీ ఎప్పటిలాగే వస్తుంది. చిక్కల్లా లిమిట్ దగ్గరే, అంటే కార్డు మీద ఎంతదాకా వాడుకోవచ్చన్న హద్దు దగ్గర. 25 వేలు వేస్తే వాడికి 20 వేల లిమిట్ ఇచ్చారు. వాడుకున్నది లిమిట్‌లో 30 శాతం లోపు ఉంటే స్కోరుకి మంచిదంటారు, అంటే 6 వేలు. వాడి ఖర్చేమో 12 వేలు. బిల్లు వచ్చేదాకా ఆగకుండా వారానికోసారి కట్టేయమన్నాను. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి మన బాకీ వివరాలు సిబిల్ లాంటి సంస్థలకు పంపాలి కాబట్టి, బాకీ పేరుకోకుండా చూసుకోవడమే మంచిది. రివార్డులు ఈ కార్డులో అంతంత మాత్రమే. రూపే కార్డయితే యూపీఐకి కలుపుకుని కిరాణా కొట్లో కూడా స్కాన్ చేయొచ్చు, ఆ సౌకర్యం మాత్రం బాగుంది.

ఏ కార్డు తీసుకున్నా నాకు భయం వేసే మాట ఒకటుంది: మినిమమ్ డ్యూ. 12 వేల బిల్లుకి 600 కడితే చాలని బిల్లులో కనిపిస్తుంది. మిగతాదానికి నెలకు సుమారు మూడున్నర శాతం వడ్డీ, దానిమీద 18 శాతం జీఎస్టీ. దాదాపు 470 రూపాయలు. నాలుగు నెలలు కూడబెట్టిన క్యాష్‌బ్యాక్ ఒక్క నెలలో పోతుంది. కొసరు కోసం అసలు పోగొట్టుకోవడం అంటే ఇదే.

ఈ సంగతి నాకు నా అనుభవమే నేర్పింది. నా మొదటి కార్డులో 640 రూపాయల బిల్లు, చెల్లెలి పెళ్లి హడావిడిలో పడి మర్చిపోయాను. తర్వాత రెండేళ్లకు ఇంటి లోనుకి వెళ్తే, బ్యాంకులో ఆయన నా రిపోర్టు తిప్పి చూపించారు. నెలనెలా గడుల్లో అన్నీ సున్నాలు, ఒక్క గడిలో 035. ముప్ఫై ఐదు రోజుల ఆలస్యం. ఆ 640 గురించి ఆయనకు సంజాయిషీ రాసివ్వాల్సి వచ్చింది.

అందుకే మావాడి కార్డు రాగానే, మొత్తం బిల్లుకి ఆటోపే పెట్టించాను, మినిమమ్‌కి కాదు. ఎనిమిదో నెలలో రిపోర్టు తీశాడు. సిబిల్ లాంటి ప్రతి సంస్థా (బ్యూరో) ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్నది ఆర్‌బీఐ నియమం. స్కోరు 748 ఉంది. ఇప్పుడు ఫీజు లేని క్యాష్‌బ్యాక్ కార్డుకి అప్లై చేస్తున్నాడు, ఒక్కదానికే. ఎఫ్‌డీ కార్డు మాత్రం మూసేయొద్దన్నాను. వాడి చరిత్ర మొదలైంది దానితోనే కదా, నెలకో రీఛార్జ్ దాని మీద చేస్తూ ఉంటాడు.