పేరోల్ సర్వీస్ ఏడాది వాడాక: చలాన్లకు ఓకే, ఫైనల్ సెటిల్‌మెంట్ దగ్గర జాగ్రత్త

మాది అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్. 26 మంది పనిచేస్తారు. జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ అన్నీ నా నెత్తినే. నిరుడు ఈ ఆన్‌లైన్ పేరోల్ సర్వీస్ తీసుకున్నాం. మనిషికి నెలకు 60 రూపాయలు, పైన జీఎస్టీ. కంపెనీ పేరు రాయడం లేదు, నేను పెట్టిన కంప్లయింట్ ఇంకా తేలలేదు కాబట్టి.

ముందు మంచి చెప్పేస్తాను. పీఎఫ్, ఈఎస్ఐ ప్రతి నెలా 15లోపు కట్టాలి కదా. ఇంతకుముందు 13వ తేదీ వచ్చిందంటే నాకు టెన్షన్ మొదలయ్యేది. ఇప్పుడు హాజరు ఎక్కిస్తే చాలు, ఈసీఆర్ ఫైలు (పీఎఫ్ కట్టడానికి పోర్టల్‌లో ఎక్కించే నెలవారీ లెక్క) దానంతటదే తయారవుతుంది. ఏడాదిలో ఒక్క నెల కూడా ఆలస్యం కాలేదు. మొబైల్ యాప్ మాత్రం నత్తనడక. దాని గురించి ఇంతకంటే రాయక్కర్లేదు.

అసలు గొడవ లేబర్ కోడ్స్‌తో మొదలైంది. 29 పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. రెండు రోజులు తిరక్కుండానే వీళ్ల దగ్గర్నుంచి 14 పేజీల పీడీఎఫ్ దిగింది. రంగురంగుల బాక్సులు, బాణం గుర్తులు. హమ్మయ్య, వీళ్లే చూసుకుంటారులే అనుకున్నాను. పీడీఎఫ్‌లో రాసింది సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కలేదని జనవరిలో తెలిసింది.

ఆరేళ్లు చేసిన డై కటింగ్ ఆపరేటర్ ఒకతను మానేశాడు. జీతం 20,000. అందులో బేసిక్ 8,000, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె అలవెన్స్) 8,000, కన్వేయన్స్ (రాకపోకల ఖర్చు) 4,000. ఎఫ్ అండ్ ఎఫ్ (ఫైనల్ సెటిల్‌మెంట్) నొక్కితే గ్రాట్యుటీ 27,692 అని వచ్చింది. ప్రింట్ తీసి ఇచ్చాను. అతను కాగితం నా వైపు తిప్పి బేసిక్ అన్న గడి మీద వేలు పెట్టాడు.

"మేడమ్, ఇక్కడ ఎనిమిది వేలు కాదంట కదా, పదివేలు ఉండాలంట."

ఫోన్‌లో లెక్క వేసుకునే వచ్చాడు. అతను చెప్పిందే కరెక్ట్. కోడ్‌లలో వేతనానికి ఇచ్చిన కొత్త నిర్వచనంలో హెచ్ఆర్ఏ, కన్వేయన్స్ లాంటివి మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత తెచ్చి మళ్లీ వేతనంలో కలపాలి. ఇక్కడ అవి 12,000. సగం 10,000. దాటిన 2,000 బేసిక్‌కి కలిపితే వేతనం 10,000. గ్రాట్యుటీ అంటే ఏడాదికి 15 రోజుల వేతనం, నెలకు 26 రోజులుగా లెక్క. ఆ 15/26 లెక్కన ఆరేళ్లకు 34,615. అంటే 6,923 రూపాయలు తక్కువ చూపించింది. నేను తలెత్తి అతని మొహం చూడలేకపోయాను.

ఇంకోటి. సెటిల్‌మెంట్ గడువు ఫిబ్రవరి 7 అని చూపించింది. పాత చట్టంలో మనం తీసేస్తేనే రెండు రోజుల్లో ఇవ్వాలి. ఇప్పుడు తనంతట తాను మానేసినా జీతం బాకీ రెండు పనిదినాల్లో ఇచ్చేయాల్సిందే. సపోర్ట్‌కి ఫోన్ చేస్తే, గ్రాట్యుటీ కూడా ఆ రెండు రోజుల్లోనే ఇవ్వాలని చెప్పారు. అదీ తప్పే, గ్రాట్యుటీకి 30 రోజుల టైముంది. చివరికి "మా టీమ్‌కి పంపాం మేడమ్" అని పెట్టేశారు. జీతం బాకీ నేనే చేత్తో లెక్కవేసి మర్నాడు అకౌంట్లో వేయించాను, గ్రాట్యుటీ వారంలో ఇచ్చాం.

చట్టం మారిందని చెప్పడానికి పేపరుంది, మా ఆడిటర్ గారున్నారు. నేను డబ్బు కడుతున్నది లెక్క మార్చినందుకు.

అయితే ఒక విషయంలో వీళ్లను మెచ్చుకోవాలి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలన్న రూలుకు వీళ్లు తెలుగులో ఇచ్చిన నమూనా చక్కగా ఉంది, చదివితే అర్థమవుతుంది. మా దగ్గర 19 మందికి అసలు కాగితమే లేదు. అది మా తప్పు. రెండు సాయంత్రాలు కూర్చుని అందరికీ ఇచ్చేశాం. ప్యాకింగ్‌లో ఒకాయన మర్నాడే దాన్ని లామినేషన్ చేయించుకొచ్చి చూపించాడు.

ఐదుకు మూడు ఇస్తాను. ఈసారి ఏడాదికి కాకుండా మూడు నెలలకే రెన్యూ చేశాను.

ఇలాంటి సర్వీస్ ఏది తీసుకోబోతున్నా, డెమోలో వాళ్లు చూపించేది చూస్తూ కూర్చోకండి. మొత్తం 20,000, బేసిక్ 8,000, మిగతాది హెచ్ఆర్ఏ, కన్వేయన్స్, ఆరేళ్ల సర్వీసు, రాజీనామా అని మీరే చెప్పి కొట్టించండి. 27,692 వచ్చిందంటే పీడీఎఫ్ ఒక్కటే మారిందన్నమాట.