గేమ్ మాస్టర్ ముందుండే ఒక్క కాగితం: పాత్రల అంకెల పట్టికపై సమీక్ష

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా, డైస్ వేస్తూ కథ నడిపే ఆట. దాని ఐదవ ఎడిషన్‌తో వచ్చే క్యారెక్టర్ షీట్‌ను, అంటే పాత్ర వివరాలు రాసుకునే కాగితాన్ని, ఆటగాడి కోసం తయారు చేశారు. కథను నడుపుతూ శత్రువుల తరఫున ఆడే గేమ్ మాస్టర్ దాన్ని చదవవలసి వచ్చినప్పుడే అందులోని ఇబ్బంది బయటపడుతుంది. కర్నూలులో మా బృందానికి కొన్నేళ్లుగా గేమ్ మాస్టర్‌గా ఉంటున్న నేను, ఆటగాళ్లందరి పాత్రల అంకెలనూ ఒకే ఏ4 కాగితంపై పట్టికగా రాసి, లామినేషన్ చేయించి వాడుతున్నాను. ఈ సమీక్ష ప్రధానంగా ఆ పట్టిక గురించి. రాక్షసుల అంకెలు చూపే స్టాట్ బ్లాకులో 2014 నుంచి 2025 నాటికి వచ్చిన మార్పు కూడా ఇదే విషయానికి చెందుతుంది కనుక దాన్నీ ఇక్కడే ప్రస్తావిస్తాను.

ముందుగా అసలు షీట్ సంగతి. 2014 నాటి షీట్‌లో ఎడమ వైపున స్ట్రెంగ్త్ (బలం) నుంచి కరిజ్మా (ఆకర్షణ) వరకు ఆరు సామర్థ్యాల గడులు వరుసగా ఉంటాయి. ప్రతి గడిలో పైన పెద్ద ఖాళీ, కింద చిన్న గుండ్రటి ఖాళీ. పెద్దదానిలో స్కోరు (సామర్థ్యపు అసలు అంకె) రాయాలా, మాడిఫయర్ (డైస్‌పై పడినదానికి కలిపే అంకె) రాయాలా అన్నది చూడగానే తెలియదు కాబట్టి, ఒకరు పైన 15 రాసి కింద +2 వేస్తారు, పక్కనున్నవారు దానికి తలకిందులుగా రాస్తారు. స్కోరులోంచి 10 తీసేసి, మిగిలినదాన్ని సగం చేసి, కింది అంకెకు సరిచేస్తే వచ్చేదే మాడిఫయర్. 14కైనా 15కైనా అది +2 మాత్రమే. బరువు మోయడం, దూకడం వంటి కొద్దిపాటి లెక్కల్లో తప్ప ఆట నడుస్తున్నప్పుడు మాస్టర్‌కు స్కోరుతో పనే పడదు. అందుకే నా పట్టికలో స్కోర్లకు చోటు లేదు. ఇది చాలామందికి వింతగా తోచింది గానీ, కాగితంలో సగం బరువు తగ్గింది దీనివల్లనే.

పట్టికలో మొదటి గడి పాత్ర పేరుది, రెండోది పాసివ్ పర్సెప్షన్‌ది, అంటే డైస్ వేయకుండానే పాత్ర ఎంతవరకు పసిగట్టగలదో చెప్పే అంకెది. దీనికి అంత ముందు స్థానం ఇవ్వడానికి కారణం ఉంది. మిగతా అంకెలను ఆటగాడిని అడిగి తెలుసుకుంటే నష్టం లేదు. ఇది మాత్రం అడిగితే చెడుతుంది. "నీ పాసివ్ ఎంత?" అని నోరు తెరిచిన మరుక్షణం, "ఆగండప్పా, ఇక్కడ ఏమో ఉంది!" అని ఒకరు అంటారు, అంతటితో పొంచి ఉన్న గాబ్లిన్ల (చిన్నపాటి రాక్షసుల) పని అయిపోతుంది. పర్సెప్షన్ మాడిఫయర్‌కు 10 కలిపితే వచ్చే చిన్న అంకె ఇది. అయినా మాస్టర్ గుట్టుగా చూసుకోగలిగిన చోట ఉండకపోతే దీనికి అర్థమే లేదు.

దాని పక్కనే డార్క్‌విజన్ (చీకట్లో చూసే శక్తి) గడి ఉంటుంది. ఈ రెండింటినీ జంటగా ఉంచడం నా పట్టికలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. ఒకప్పుడు మన కర్నూలు జిల్లాలో ఉండి, 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వెళ్లిన బెలూం గుహలను పోలిన గుహలో నేను ఒక కథ నడిపాను. అసలు గుహలు మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్నవి. దీపాలు లేకుండా వాటిని ఊహించుకుంటే చాలు, చీకటి ఎంత ముఖ్యమో తెలుస్తుంది. మరుగుజ్జు (డ్వార్ఫ్) పాత్రకు అరవై అడుగుల డార్క్‌విజన్ ఉంటే అంతా కనిపిస్తుందని ఆటగాళ్లు అనుకుంటారు. నిబంధన అలా చెప్పదు: కటిక చీకటి అతనికి మసక వెలుతురులా కనిపిస్తుంది, మసక వెలుతురులో కంటితో పసిగట్టడానికి డిసడ్వాంటేజ్ (రెండుసార్లు డైస్ వేసి తక్కువది తీసుకోవడం) ఉంటుంది, డిసడ్వాంటేజ్ ఉన్నప్పుడు పాసివ్ అంకెలోంచి 5 తగ్గుతుంది. కాబట్టి వెలుతురులో 14 ఉన్నవాడు గుహలో 9 మాత్రమే. గాబ్లిన్ స్టెల్త్ (దాక్కునే నేర్పు) +6. డైస్‌పై 4 పడినా మొత్తం 10 అయి అతని కంట పడకుండా తప్పించుకుంటుంది. అదే కాగడా వెలుగులో అయితే ఆ 4 పడిన గాబ్లిన్ దొరికిపోతుంది. ఈ లెక్కను ఆట మధ్యలో చేయడం కష్టం కనుక, నేను గడిలో 14 కింద చిన్నగా 9 కూడా ముందే రాసి ఉంచుతాను. డార్క్‌విజన్ లేని మనిషి పాత్రకు అక్కడ గీత మాత్రమే ఉంటుంది. కాగడా ఎవరి చేతిలో ఉందో చూసుకోమని ఆ గీతే నాకు గుర్తు చేస్తుంది.

ఆ తర్వాత ఆర్మర్ క్లాస్ (పాత్రకు దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవలసిన అంకె), ఆరు సేవింగ్ త్రోల (మంత్రం, విషం వంటి ముప్పు నుంచి తప్పించుకోవడానికి వేసే డైస్‌ల) మాడిఫయర్లు వస్తాయి. వీటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) సేవింగ్ త్రోను, అంటే సేవ్‌ను, మాత్రం ఎర్ర రంగులో రాస్తాను, ఎందుకంటే మంత్రంపై ఏకాగ్రత నిలిపిన పాత్రకు దెబ్బ తగిలినప్పుడల్లా, 10 గానీ దెబ్బలో సగం గానీ ఏది ఎక్కువైతే దానికి ఎదురుగా ఆ డైస్ వేయాలి. ఆటగాడు తరచుగా మరచిపోయేది కూడా ఇదే.

హిట్ పాయింట్లను (పాత్రకు మిగిలిన ప్రాణబలాన్ని) పట్టికలో పెట్టలేదు. అవి ప్రతి దెబ్బకూ మారేవి, వాటిని చూసుకోవలసింది ఆటగాడే. మాస్టర్ కూడా రాసుకుంటూ పోతే రెండు లెక్కలు తయారై, ఏది సరైనదన్న వాదన మొదలవుతుంది.

ఇక రాక్షసుల వైపు చూద్దాం. 2014 నాటి స్టాట్ బ్లాకులో ఆరు సామర్థ్యాలు ఒక వరుసలో ఉండేవి, నైపుణ్యం ఉన్న సేవింగ్ త్రోలు మాత్రమే కింద విడిగా మరో వరుసలో వచ్చేవి. ఓగర్ అనే భారీ రాక్షసుడిపై ఎవరైనా విజ్‌డమ్ (వివేకం) సేవ్ అడిగే మంత్రం వేస్తే, ముందు కింది వరుస వెతకాలి. అక్కడ ఆ వరుసే లేదని గ్రహించి పైకి రావాలి, విజ్‌డమ్ 7 పక్కనున్న -2 తీసుకోవాలి. ఇనిషియేటివ్ (పోరులో ఎవరి వంతు ముందో తేల్చే అంకె) అసలే రాసి ఉండదు, డెక్స్‌టెరిటీ (చురుకుదనం) 8 నుంచి -1 అని మాస్టరే పట్టుకోవాలి. ఒక్క ఓగర్ అయితే ఫరవాలేదు, మూడు రకాల శత్రువులు ఒకేసారి దిగితే కన్ను అలసిపోతుంది. 2025లో వచ్చిన మాన్‌స్టర్ మాన్యువల్ ఈ లోపాన్ని దాదాపుగా సరిదిద్దింది. ప్రతి సామర్థ్యానికీ స్కోరు, మాడిఫయర్, సేవ్ మూడూ పక్కపక్కనే ఉంటాయి, నైపుణ్యం ఉన్నా లేకున్నా సేవ్ అంకె ముద్రించే ఉంటుంది, ఇనిషియేటివ్ పైనే ఆర్మర్ క్లాస్ దగ్గర కనిపిస్తుంది. అందం సంగతికి వస్తే నాకు పాతదే ఎక్కువ ఇష్టం, కొత్తది కొంచెం బ్యాంకు పాసుబుక్కులా ఉంటుంది. అయినా ఆడేటప్పుడు నా చేయి కొత్తదాని వైపే పోతుంది.

కాగితం తయారీ గురించి రెండు మాటలు. మెరిసే లామినేషన్‌పై ట్యూబ్‌లైట్ పడి సగం గడులు తెల్లగా కనిపించకుండా పోయేవి. మెరుపు లేని రకం అడిగి చేయించుకున్న తర్వాత ఆ బాధ తీరింది. దానిపై వైట్‌బోర్డు మార్కర్‌తో రాస్తే గుడ్డతో తుడుచుకోవచ్చు గానీ, ఎండాకాలంలో చెమట చేయి తగిలితే అంకెలు వాటంతటవే చెరిగిపోతాయి. అందువల్ల లెవెల్ పెరిగినప్పుడు మాత్రమే మారే అంకెలను ముద్రించి, మిగతావాటికే మార్కర్ వాడుతున్నాను. పాత్రల పేర్లు తెలుగులో, నిబంధనల పదాలు ఆటలో ఉన్నట్లుగానే తెలుగు లిపిలో రాశాను. సామర్థ్యాల పేర్లను అనువదించి చూసిన పట్టిక కూడా ఒకటి ఉండేది, కానీ పుస్తకం తెరిచిన ప్రతిసారీ మళ్లీ వెతుక్కోవలసి రావడంతో దాన్ని పక్కన పెట్టాను.

ఈ పట్టికకు అందనివి మంత్రాలు. మా బృందంలోని విజార్డ్ ప్రతి ఉదయం తన మంత్రాలను మార్చుకోగలడు, వాటిని నా కాగితంపై పెట్టుకుంటే ఆట మొదలయ్యేలోపే పాతబడతాయి. వాటికి ఆటగాడి షీట్‌నే నమ్ముకుంటున్నాను. మంత్రపు సేవ్ డీసీ (మంత్రాన్ని తప్పించుకోవడానికి శత్రువు డైస్‌తో అందుకోవలసిన అంకె) ఒక్కటి మాత్రం కాగితం చివరి గడిలో రాసుకున్నాను, శత్రువు తరఫున డైస్ వేసేది నేనే కాబట్టి. ఆటగాళ్లు నలుగురైదుగురైతే ఒక కాగితం సరిపోతుంది. ఆరో మనిషి వచ్చి కూర్చుంటే అక్షరాలు చిన్నవి చేయాలి, లేదంటే కాగితాన్ని అడ్డంగా తిప్పి ముద్రించుకోవాలి.